గుమ్మం కింద వెలుతురు

ఈ సంక్రాంతికి పర్చూరు వెళ్ళినప్పుడు మా అత్తగారింట్లో చిన్న గొడవ జరిగింది. గొడవంటే కంగారుపడకండి. దానికి కారణం ఆవగింజంత దీపం.

మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. నానమ్మతో వీడియోలో మాట్లాడాలని క్రిందటేడు ఆవిడ గదిలో వైఫై డబ్బా ఒకటి పెట్టించాడు. దానికి వరసగా నాలుగు పచ్చదీపాలు. వాటిలో ఒకటి కన్ను అదిరినట్టు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఈసారి వెళ్ళి చూస్తే ఒక్క దీపమూ లేదు. డబ్బా పాడైందేమోనని వాడు వంగి చూశాడు. నాలుగు దీపాల మీదా నాలుగు నల్ల స్టిక్కరు బొట్లు అంటించి ఉన్నాయి! మా ఆడపడుచు కూతురు మర్చిపోయి వెళ్ళిన బొట్ల అట్ట అలా సద్వినియోగమైందన్నమాట.

"ఇదేమిటి నానమ్మా! అవి కనిపిస్తేనే కదా నెట్టు వస్తోందో లేదో తెలిసేది?"

"నాకు తెలిస్తే సరే. కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళందరికీ తెలియాలా?" అన్నారు మా అత్తగారు, కందికాయలు వలుస్తూనే.

మావాడు నవ్వబోయి ఆగిపోయాడు. "అమ్మా, నానమ్మ చేసిన పని ఇరవయ్యేళ్ళ కిందట అమెరికాలో సైంటిస్టులు చెప్పిందే. వాళ్ళు నల్ల టేపు అతికించమన్నారు, నానమ్మ బొట్టు అతికించింది. అంతే తేడా!" అన్నాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. కరెంటంటే స్విచ్చి నొక్కితే వచ్చేది, బిల్లు కట్టకపోతే పోయేది అని మాత్రమే ఎరుగుదును. కానీ దీపం వల్ల గుట్టు బయటపడటమనే సంగతి వినగానే మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆ అనుభవం నాకుంది, అదీ ఆ ఇంట్లోనే.

నేను 2002లో కాపురానికి వచ్చాను. పగలంతా ఇంటిపని, మిరపకాయల రోజుల్లో కల్లం దగ్గరికి క్యారేజీలు, పత్తి ఏరే రోజుల్లో కూలీలకి మజ్జిగ. అందరూ పడుకున్నాక నేను కథలు రాసుకునేదాన్ని. కొత్తకోడలు రాత్రిళ్ళు మేలుకుని కథలు రాస్తోందంటే ఎవరేమనుకుంటారో అని భయం. మావారు మొహం మీదికి దుప్పటి లాక్కుని నిద్రపోయేవారు. తలుపుకీ గడపకీ మధ్య వేలెడు సందు. అందులోంచి వెలుతురు వసారాలోకి గీతలా పడేది. ఆ సందులో పాతచీర కుక్కి కూర్చునేదాన్ని. తెల్లారి తలుపు తీస్తే, బయట కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా రోజూ గడపకి అడ్డంగా ఎగదోసి ఉండి కాలికి తగిలేది. పనిమనిషికి ఒక్క పనీ శుభ్రంగా రాదని విసుక్కునేదాన్ని.

గది తలుపు వేసుకుంటే గుట్టు లోపలే ఉంటుందనుకుంటాం. కానీ మనకి దారి చూపడానికి పెట్టుకున్న దీపమే ఎదుటివాడికీ దారి చూపిస్తుంది. ఈ చిక్కు నాకొక్కదానికే కాదు, రాజ్యాలకీ సైన్యాలకీ కూడా వచ్చిందని మావాడు చెప్పాక నేనూ చదివి తెలుసుకున్నాను.

మా అత్తగారి పుట్టింట్లో వాళ్ళ నాన్నగారు ఎడ్ల బేరాలు కుదిర్చేవారట. పాతకాలం పశువుల సంతల్లో బేరం నోటితో ఆడేవారు కాదు. అమ్మేవాడూ దళారీ తువ్వాలు కింద చేతులు కలుపుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది మూగినా తువ్వాలు కదలడమే కనబడేది కానీ, ఎన్ని వేళ్ళు ముడిచిందీ తెలిసేది కాదు. చూపు పడేచోట గుడ్డ కప్పాలన్న సంగతి వాళ్ళకి ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

ఆ జాగ్రత్త లేకపోవడం వల్ల ఫ్రాన్సు ప్రభుత్వం మోసపోయింది. తీగల టెలిగ్రాఫు రాకముందే అక్కడ 1794లో కంటిచూపుతో నడిచే టెలిగ్రాఫు వచ్చింది. క్లాడ్ షాప్ అనే ఆయన ఏర్పాటు. గుట్టల మీద వరసగా బురుజులు, ఒక్కొక్క బురుజు మీద పెద్ద చెక్కచేతులు. ఒక బురుజు వాడు చేతులు ఎలా వంచితే, పక్క బురుజు వాడు దుర్భిణిలో చూసి అలాగే వంచేవాడు. ఏ వంపుకి ఏ అర్థమో చెప్పే పుస్తకం మాత్రం రహస్యం. చూశారా తమాషా! అర్థానికి తాళం వేశారు కానీ, చేతులు ఆడటం ఊరందరికీ కనబడుతూనే ఉంది.

బోర్డో పట్నంలో ఫ్రాన్స్వా బ్లాన్, జోసెఫ్ బ్లాన్ అని అన్నదమ్ములుండేవారు. పారిస్ బజారులో ప్రభుత్వ బాండ్ల ధర పెరిగిందో తగ్గిందో బోర్డోకి గుర్రబ్బండి టపాలో చేరడానికి రోజులు పట్టేది. టెలిగ్రాఫు ప్రభుత్వానిదే, ప్రైవేటు వాళ్ళకి వీల్లేదు. వీళ్ళు తూర్ పట్నంలో బురుజు మీద పనిచేసేవాణ్ణి డబ్బిచ్చి లోబరుచుకున్నారు. వాడు సర్కారు వార్త మధ్యలో ఒక తప్పుడు గుర్తు వేసి, వెంటనే "తప్పు, కొట్టెయ్యండి" అనే గుర్తు వేసేవాడు. కొసన అధికారులు ఆ తప్పుని నిజంగానే కొట్టేసేవారు. కానీ ఈలోగా బోర్డో దగ్గర వీళ్ళ మనిషి దుర్భిణిలో దాన్ని చూసేసేవాడు. ఆ గుర్తే ధర సంగతి! 1834 నుంచి 1836 దాకా రెండేళ్ళు ఈ నాటకం సాగింది. 1837లో విచారణ జరిగితే, టెలిగ్రాఫుని ఇలా వాడుకోవడం నేరమనే చట్టమే అప్పటికి లేదని తేలి అన్నదమ్ములు బయటపడ్డారు.

తర్వాత తీగలొచ్చాయి, కరెంటొచ్చింది. ఇంకేం, గుట్టు గోడల మధ్యే ఉంటుందనుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం రహస్యవార్తలని తారుమారు చేసి పంపడానికి బెల్ కంపెనీ తయారుచేసిన యంత్రాన్ని వాడేది. 1943లో ఆ కంపెనీ ప్రయోగశాలలో ఒకాయన ఒక వింత గమనించాడు. ఈ మూల యంత్రం ఒక్కొక్క అక్షరం వేస్తుంటే, ఎక్కడో ఆ మూల ఉన్న మరో పరికరం తెర మీద గీత ఉలిక్కిపడుతోంది! ఆ ఉలికిపాట్లని పోల్చి చూస్తే అసలు వార్తే చదవొచ్చని తేలింది. సైన్యం వాళ్ళు మొదట నమ్మలేదు. సరేనని ఇంజనీర్లు న్యూయార్కులో సైన్యం రహస్యకేంద్రానికి ఎదురుగా, వీధికి ఇవతల సుమారు 80 అడుగుల దూరంలో ఒక భవనంలో కూర్చుని, గంటసేపు ఆ అదుర్లని నమోదు చేసుకున్నారు. మూడు నాలుగు గంటల్లో రహస్యవార్తల్లో ముప్పాతిక వంతు చదివి చేతిలో పెట్టారు. ఈ కథ చెప్పే కాగితాన్ని అమెరికా ప్రభుత్వం 2007లో గాని బయటపెట్టలేదు.

అక్కడ గుట్టు మోసింది కంటికి కనబడని విద్యుత్తు అలలు. మరి కంటికి కనబడే దీపం మాటేమిటి? ఇక్కడే మా అత్తగారి బొట్టు కథలోకి వస్తుంది.

పాతరకం బల్బులో సన్నటి తీగ ఎర్రగా కాగి వెలుగుతుంది. ఆర్పినా అది చల్లారడానికి కొంత వ్యవధి కావాలి. కాబట్టి ఎంత తొందరపెట్టినా అది గబగబా కొట్టుకోలేదు, నిదానస్తురాలు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రటి వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. తయారుచేశాడు. అందులో కాగే తీగ లేదు. సెకనులో పదిలక్షల వంతు కూడా పట్టకుండా వెలిగి ఆరగలదు. చౌక, వేడెక్కదు, ఏళ్ళ తరబడి పాడవదు. దాంతో టీవీ, రేడియో, మోడెమ్, మిక్సీ, స్టెబిలైజరు, అన్నిటికీ తలా ఒక బొట్టు పెట్టేశారు.

2002లో జో లాఫ్రీ, డేవిడ్ అంఫ్రెస్ అనే ఇద్దరు అమెరికన్లకి ఒక సందేహం వచ్చింది. మోడెమ్‌లోంచి సమాచారం పోతున్నప్పుడు ఈ దీపం కొట్టుకుంటుంది కదా, ఎందుకు కొట్టుకుంటోంది? విప్పి చూస్తే కొన్నిటిలో దీపాన్ని సమాచారం పోయే తీగకే కలిపేశారు. అంటే ఆ దీపం ఊరికే మిణుకుమనడంలేదు. లోపల పోయే ప్రతి సంకేతానికీ ఒక్కోసారి వెలిగి ఆరుతోంది. సెకనుకి వేలసార్లు. ఫ్యాను జోరుగా తిరిగితే రెక్కలు పోయి పళ్ళెంలా కనబడినట్టు, మన కంటికి అదంతా కలిసి వెలుగులా కనబడుతుంది. దుర్భిణికి వెలుతుర్ని కొలిచే చిన్న పరికరం తగిలించి దూరం నుంచి చూస్తే మాత్రం ఏ అక్షరానికా అక్షరం విడిపోతుంది! ఎవరూ దొంగతనంగా తీగ కలపనక్కర్లేదు, గదిలో అడుగు పెట్టనక్కర్లేదు.

వాళ్ళు దీపాలని మూడు తరగతులు చేశారు. యంత్రం నడుస్తోందని మాత్రమే చెప్పేవి ఒక తరగతి. పని ఎంత జోరుగా సాగుతోందో చెప్పేవి రెండో తరగతి. లోపలి విషయాన్నే చెప్పేసేవి మూడో తరగతి. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. నా గుమ్మం కింది వెలుతురు మొదటి తరగతి: కోడలు మేలుకుని ఉంది. నీడ కదిలితే రెండోది: ఏదో చేస్తోంది. ఏం రాస్తోందో చెప్పే మూడో తరగతికి రాలేదు కాబట్టి బతికిపోయాను.

అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో మార్కస్ కూన్ అనే ఆయన ఇంకొక సంగతి చూపించాడు. పాత పెద్ద కంప్యూటరు తెర మనవైపు కనబడక్కర్లేదు. దాని వెలుగు ఎదురుగోడ మీద పడినా చాలు, ఆ గోడ తళుకుని పట్టి తెర మీది అక్షరాలని తిరిగి కూర్చొచ్చు.

వీళ్ళంతా ఇలా తలలు బద్దలుకొట్టుకుంటున్న ఆ సంవత్సరంలో నేను పర్చూరులో ఎస్.టి.డి. బూతు ముందు వరసలో నిలబడేదాన్ని, మా అమ్మకి ఫోను చెయ్యడానికి. గుర్తుందా ఆ అద్దాలగది? లోపల తలకి ఎదురుగా ఎర్రటి అంకెల పెట్టె. ఏ నంబరుకి చేశామో, ఎన్ని నిమిషాలు మాట్లాడామో, ఎంతయిందో అంతా ఎర్రగా మెరిసేది. మనకోసం పెట్టిన అంకెలే. కానీ వెనక నిలబడ్డ అయిదారుగురూ చదివేవారు. "ఏమ్మా, పుట్టింటికి నలభై రూపాయలు పోసావే!" అని సాయంత్రం వీధిలో ఎవరో ఒకరు పలకరించేవారు. మాటలు అద్దం దాటలేదు కానీ బెంగ దాటిపోయింది.

అంతకన్నా పెద్ద గుట్టు ఆడదానికి ఇంకొకటుంది, ఓటు. 2004లో మన రాష్ట్రమంతా ఓటింగు యంత్రాలతో ఎన్నిక జరిగింది. మీట నొక్కగానే మనం ఎంచుకున్న గుర్తు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినబడుతుంది. మా ఇంట్లో ఓటు ఎవరికో మగవాళ్ళు ముందే తేల్చేవారు. మా అత్తగారు తలూపి వచ్చేవారు. ఆ రోజు ఆవిడ వెనక నేనున్నాను. అట్టమరుగులోకి వెళ్ళి, యంత్రం మీద పమిటకొంగు మొత్తం కప్పి, దాని కిందనుంచి మీట నొక్కారు. బయటికి వచ్చాక ఎందుకలా చేశారని అడిగితే, "ఆ ఎర్రలైటు గోడ మీద పడితేనో?" అన్నారు. కేంబ్రిడ్జి ఆయన పేరు ఆవిడ విననే లేదు. ఎవరికి వేశారో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

పమిట వెలుతుర్ని ఆపుతుంది కానీ అలల్ని ఆపలేదు. 2006లో హాలెండులో రాప్ గాంగ్రిప్ అనే ఆయనా, ఆయన మిత్రులూ తమ దేశపు ఓటింగు యంత్రాన్ని పరీక్షించారు. ఒక పార్టీ పేరులో నెత్తిన గీతతో ఒక అక్షరం ఉంది. ఆ పేరు తెర మీదికి రాగానే యంత్రం విడిచే రేడియో అలల తీరు మారిపోయేది. 25 మీటర్ల దూరం దాకా ఒక రేడియోతో ఆ తేడా పట్టొచ్చు. ఓటు రహస్యం పోతోందని అక్కడ పెద్ద రగడ అయి, 2008కల్లా ఆ దేశం కాగితానికీ పెన్సిలుకీ తిరిగి వెళ్ళిపోయింది.

ఆ గాంగ్రిప్పే 2010లో మన హైదరాబాదు ఇంజనీరు వేమూరు హరిప్రసాద్‌తోనూ, అమెరికా ప్రొఫెసరు అలెక్స్ హాల్డర్‌మన్‌తోనూ కలిసి మన యంత్రాన్ని పరిశీలించాడు. వాళ్ళు చూపిన లోపాల్లో ఒకటి మన కథకి దగ్గరది. ఫలితం చూపే అంకెల దీపాల పలకని తీసి, చూడటానికి అలాగే ఉండే మరో పలక పెడితే, అది ఫోను చెప్పిన అంకెలని చూపిస్తుంది. అంటే దీపం గుట్టు చెప్పడమే కాదు, అబద్ధమూ చెప్పగలదు! అయితే దానికి యంత్రం చేతికి చిక్కి తీరాలి. సీళ్ళ మధ్య, కాపలాలో ఉండే యంత్రాలతో అది సాధ్యం కాదని ఎన్నికల సంఘం అన్నది. ఓటరుకి ఏడు సెకన్లపాటు చీటీ చూపించే ఏర్పాటు 2013లో మొదలై, 2019 సార్వత్రిక ఎన్నికలనాటికి దేశమంతటా వచ్చింది.

ఇక ఇటీవలి సంగతులు చెబితే మీరు ఇంట్లో ఉన్న దీపాలన్నీ ఆర్పేస్తారేమో! ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ఒక ప్రయోగం చేశారు. ఏ తీగకీ ఏ నెట్టుకీ కలపని కంప్యూటరు. దాంట్లోకి ముందుగా ఒక దొంగ ప్రోగ్రామును చేర్చారు. అది హార్డ్‌డిస్కు దీపాన్ని తనకి కావలసినట్టు మిణుకుమనిపిస్తుంటే, కిటికీ బయట గాలిలో నిలబడ్డ డ్రోను కెమెరా ఆ మిణుకుల్ని చదివింది. 2021లో అక్కడివాళ్ళే స్పీకరు పెట్టె దీపాన్ని పట్టుకున్నారు. స్పీకరులో గొంతు పెరిగినప్పుడు అది కరెంటు ఎక్కువ లాగుతుంది, దీపం కంటికి తెలియనంతగా వాడుతుంది. ఆ వాడటం, వెలగడం కొలిచి, 35 మీటర్ల దూరం నుంచి స్పీకరులో వచ్చే మాటల్ని తిరిగి రాబట్టారు. 2023లో స్మార్ట్ కార్డు చదివే యంత్రం దీపాన్ని మామూలు వీడియో కెమెరాతో తీసి, లోపలి రహస్యపు తాళంచెవిని కనిపెట్టారు. లెక్క చేసేటప్పుడు యంత్రం తినే కరెంటు మారుతుంది, ఆ మార్పు దీపంలో తెలుస్తుంది. దుర్భిణి పట్టుకున్న బోర్డో మనిషి పోయి కెమెరా వచ్చింది, అంతే!

అయితే మనలాంటి సంసారుల ఇళ్ళ మీద ఇంత శ్రమపడి దుర్భిణి పెట్టేవాడు ఉండడు లెండి. ఈ విద్యలకి ఖర్చు, ఓర్పు, అడ్డులేని చూపు కావాలి. పైగా ఇప్పటి వైఫై డబ్బాల దీపాలు చాలావరకు మొదటి రెండు తరగతులవే, ఇంట్లో ఎవరున్నారో లేరో అన్నంతవరకే చెబుతాయి. అయినా అదీ తక్కువేం కాదు, ఒంటరిగా ఉండే ముసలావిడ గదికి. దీపాలున్న పెట్టెని కిటికీకి ఎదురుగా పెట్టకండి. అవసరం లేనప్పుడు నల్ల టేపు ముక్క అతికించండి. టేపు లేకపోతే బొట్ల అట్ట మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండనే ఉంటుంది.

ఇదంతా పండగ మర్నాడు రాత్రి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ కందికాయల పొట్టు చాటలోకి ఎత్తుతూ సాంతం విన్నారు. విని, "నీ గుమ్మం కింద వెలుతురు నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

నేను నోట మాట లేకుండా చూశాను.

"నువ్వు లోపల చీర కుక్కేదానివి. రెండు మూలలా వెలుతురు వచ్చేది. మీ మామయ్య తెల్లారుజామున పొలానికి నీళ్ళు కట్టడానికి లేచేవారు. ఆయన చూస్తే ఊరుకోరు. అందుకని రోజూ పడుకునేముందు బయట గోనెపట్టా గడపకి ఆనించేదాన్ని."

పాపం పనిమనిషి! ఆరేళ్ళు ఆ పట్టా కాలికి తగిలినప్పుడల్లా ఆమెని తిట్టుకున్నాను.

"మరి ఏం రాస్తున్నానో ఒక్కసారైనా అడగలేదేం అత్తయ్యా?"

"చెప్పాలనుకుంటే నువ్వే చెప్పేదానివిగా" అని, చాట తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయారు.

ఈ వ్యాసం ఆ ఇంట్లో, ఆ గదిలోనే కూర్చుని రాశాను. తలుపు బార్లా తీసే ఉంది.